శక్తి, మాన్యం, పడటం

2020 వేసవి నుంచి తెలుగునాట ఎక్కువ సరుకు అమ్మిపెట్టిన మాట ఏదని ఎవరైనా అడిగితే ‘ఇమ్యూనిటీ’ అంటాను. కషాయం పొట్లం మీద అదే, పసుపు పాల మీద అదే, చివరికి బిస్కెట్ ప్యాకెట్ మీద కూడా అదే. ఆ మాట పక్కన ఎప్పుడూ ఒకటే క్రియ ఉంటుంది: పెంచడం. ఇమ్యూనిటీని తగ్గిస్తామనో, దానికి బుద్ధి చెబుతామనో, దాన్ని ఊరుకోబెడతామనో ఏ ప్యాకెట్ మీదా రాయరు. డాక్టర్లు మాత్రం ఆ మూడు పనులూ రోజూ చేస్తూనే ఉంటారు.

ఈ తేడా ఎక్కడ మొదలైందా అని చూస్తే నాకు మన అనువాదం దగ్గరే కనిపించింది. రోగనిరోధక శక్తి. ‘శక్తి’ అనగానే అది కొలతకి లొంగే వస్తువైపోతుంది. బ్యాంకులో డబ్బులాగ, ట్యాంకులో పెట్రోలులాగ, ఎంత ఉంటే అంత మంచిది. రోగం వచ్చినవాడికి అది తక్కువ, రానివాడికి ఎక్కువ. ఈ లెక్క శాస్త్రపరంగా తప్పు. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఏంటంటే, జబ్బుపడ్డ మనిషిని చూసే చూపుని కూడా ఇది చెడగొడుతుంది.

ఈ ఆలోచనలో ఉండగా ఎయులా బిస్ 2014లో రాసిన ‘ఆన్ ఇమ్యూనిటీ’ చదివాను. టీకాల మీద అమెరికా తల్లుల భయాల గురించి ఒక తల్లి రాసిన పుస్తకం అది. నిజానికి దాని వస్తువు టీకాల కన్నా మాటలు. కొడుకు అకిలీస్‌కి చావు రాకూడదని తల్లి నదిలో ముంచడం, పట్టుకున్న మడమ మాత్రం తడవకపోవడం అనే గ్రీకు కథతో మొదలుపెడుతుంది. డ్రాకులా మీదుగా వెళ్ళి తోట అనే ఉపమానం దగ్గర ఆగుతుంది. సూసన్ సోంటాగ్ 1978లో ‘ఇల్‌నెస్ యాజ్ మెటఫర్’ రాస్తూ జబ్బుని ఉపమానాల నుంచి విడిపించాలంది. బిస్ ఆమెని గౌరవిస్తూనే, ఉపమానం లేకుండా ఒంటి గురించి మాట్లాడలేమని, కాబట్టి ఏ ఉపమానం ఏం చేస్తోందో కనిపెట్టి ఉండాలని అంటుంది. నేను బిస్ పక్షమే. అయితే నాది ద్రాక్షారామం. మా వైపు జబ్బు వేరు, మాటలు వేరు. బిస్ అడిగిన ప్రశ్ననే మా ఊళ్ళో నిలబడి అడిగితే ఏమవుతుందన్నది చూడాలనిపించింది.

శక్తి

స్కూల్లో మనందరికీ చెప్పిన కథ యుద్ధకథ. శరీరం కోట, సూక్ష్మజీవులు శత్రువులు, తెల్లరక్తకణాలు సైనికులు. పిల్లలకి చెప్పడానికి బాగానే ఉంటుంది. చిక్కల్లా ఆ కథలో కష్టమైన పని పోరాడటం కావడం. ఒంట్లో మాత్రం కష్టమైన పని గుర్తుపట్టడం.

రొమ్ము ఎముక వెనక థైమస్ అని చిన్న గ్రంథి ఉంటుంది. టి కణాలు పెరిగి పెద్దయ్యేది అక్కడే. అక్కడ వాటికి రెండు పరీక్షలు. మన ఒంటి కణాలు చూపించే గుర్తులని అసలు చదవలేని కణం ఎందుకూ పనికిరాదు, అది చస్తుంది. ఆ గుర్తులని చూసి మరీ రెచ్చిపోయే కణం ప్రమాదం, అదీ చస్తుంది. మధ్యస్తంగా ఉన్నవే బయటపడతాయి. నూటికి తొంభైకి పైగా అక్కడే రాలిపోతాయి. ఏ సైన్యమైనా తను తీసుకున్న కుర్రాళ్ళలో తొంభైమందిని, అందులోనూ బాగా ఆవేశపరులని ఏరి మరీ, పోగొట్టుకుంటుందా?

అయినా కొన్ని తప్పించుకుంటాయి. అందుకని బయట ఇంకో కాపలా. ఒళ్ళు తన మీద తాను దాడి చేసుకోకుండా ఏదో కట్టడి ఉండి తీరాలని పాల్ ఎర్లిక్ 20వ శతాబ్దం మొదట్లోనే అన్నాడు. ఆ కట్టడి చేసే నియంత్రక టి కణాలని షిమోన్ సకాగుచి 1995లో చూపించాడు. ఆయనకీ, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకీ కలిపి 2025 వైద్య నోబెల్ వచ్చింది. ఆ బహుమతి వచ్చింది కొట్టే కణాలని కనిపెట్టినందుకు కాదు, చెయ్యి పట్టుకుని ఆపే కణాలని కనిపెట్టినందుకు. మన ఇమ్యూనిటీ పొట్లాల మీద వాటి ప్రస్తావనే ఉండదు.

ఆపే చెయ్యి జారితే ఏమవుతుందో చెప్పడానికి కీళ్ళవాతం చాలు. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని డాక్టరు చీటీ మీద రాస్తాడు. కీలు లోపలి పొర మీద మన రక్షణ వ్యవస్థే పడుతుంది. పొద్దున్నే వేళ్ళు ముడుచుకుపోయి కాఫీ గ్లాసు పట్టుకోవడం కూడా కష్టమవుతుంది. మగవాళ్ళలో కన్నా ఆడవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువ. మా వీధిలో ఒకావిడకి అది ఉంది. కరోనా రోజుల్లో ఆవిడకి బంధువులంతా ఇమ్యూనిటీ పెంచే కషాయాలు పంపించారు. ఆవిడ వాడుతున్న మందు మాత్రం ఆ ఇమ్యూనిటీని అదుపులో పెట్టేది. ‘శక్తి’ అన్న మాటతో ఆవిడ పరిస్థితి చెప్పాలంటే, శక్తి ఎక్కువై జబ్బుపడింది అనాలి. అలా ఎవరూ అనరు. “పాపం, ఒంట్లో సత్తువ లేదు” అంటారు.

కోవిడ్‌లోనూ అంతే. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళలో డెక్సామెథసోన్ మరణాలని తగ్గిస్తుందని 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ తేల్చింది. అది వైరస్‌ని చంపే మందు కాదు, ఒంటి ఆవేశాన్ని చల్లార్చే స్టెరాయిడ్. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళకి ఎక్కువ పనిచేసింది, ఆక్సిజన్ అక్కర్లేనివాళ్ళకి మేలేమీ చెయ్యలేదు. మందు ఒకటే, ఏ సమయంలో ఏ ఒంటికి అన్నదాన్ని బట్టి ఫలితం మారింది. ‘పెంచడం’ అనే ఒక్క క్రియతో ఈ సంగతి చెప్పలేం.

కాలు

ఇక మా వైపు జబ్బు. గోదావరి డెల్టాలో పుట్టినవాళ్ళకి బోదకాలు గురించి ఒకళ్ళు చెప్పక్కర్లేదు. మురుగ్గుంటల్లో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని మోసుకొస్తుంది. రాజమండ్రిలో కేంద్ర ప్రభుత్వం ఫైలేరియా శిక్షణ, పరిశోధనా కేంద్రం పెట్టడానికి కారణం ఈ జబ్బు ఇక్కడ వేళ్ళూనుకుని ఉండటమే. రాత్రిపూట ఇంటింటికీ వచ్చి వేలికొస నుంచి రక్తపు చుక్క తీసుకెళ్ళేవాళ్ళు ఊళ్ళల్లో అందరికీ గుర్తే. రాత్రే ఎందుకంటే, ఈ పురుగు పిల్లలు రాత్రి పది దాటాకే పైరక్తంలోకి వస్తాయి. దోమ కుట్టే వేళ కూడా అదే మరి.

మా మామ్మకి ఎడమ కాలు బోదకాలు. చీర అంచు నేలకి జీరాడేలా కట్టేది. పెళ్ళిళ్ళకి వెళ్ళేది కాదు. ఏడాదికి నాలుగైదుసార్లు చలిజ్వరం, గజ్జల్లో బిళ్ళ. ఊళ్ళో వాళ్ళు, ఇంట్లో వాళ్ళు కూడా, ఆవిడ ఒళ్ళు బలహీనం కాబట్టి పురుగు గెలిచిందనే అనుకునేవారు. యుద్ధకథలో ఓడిన కోటకి మర్యాద ఉండదు కదా.

శాస్త్రం చెప్పేది దాదాపు దీనికి తలకిందులు. పెద్ద పురుగులు శోషరస నాళాల్లో, అంటే సాక్షాత్తూ రక్షణ వ్యవస్థ తిరిగే దారుల్లోనే కాపురం పెడతాయి. ఏళ్ళ తరబడి బతుకుతాయి, లక్షల పిల్లల్ని కంటాయి. అన్నాళ్ళు ఎలా బతుకుతాయంటే, ఒంటిని ఊరుకోబెట్టి. ఇందాక చెప్పిన ఆపే కణాలని అవి తమకి అనుకూలంగా తిప్పుకుంటాయి. అందుకే రక్తం నిండా పిల్లపురుగులున్న మనిషి చాలాసార్లు ఏ బాధా లేకుండా పొలం వెళ్ళొస్తుంటాడు. బాగా వాచిన కాలున్న మనిషి రక్తంలో తరచుగా పురుగు పిల్ల ఒక్కటి కూడా కనిపించదు.

వాపుకి కారణం ఒక్కటే కాదు. బతికున్న పురుగు వల్లే నాళాలు వెడల్పై పాడవుతాయి. అది చచ్చినప్పుడు దాని చుట్టూ ఒళ్ళు మండుతుంది. నీరు కదలని కాలికి వేళ్ళ సందుల్లోని చిన్న పగుళ్ళ గుండా బాక్టీరియా చేరి మళ్ళీ మళ్ళీ జ్వరం తెస్తుంది. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ మధ్య తడి లేకుండా తుడిస్తే ఆ జ్వరాలు బాగా తగ్గుతాయి. మొత్తానికి మా మామ్మ కాలులో ఆవిడ ఒంటి పోరాటం పాలు తక్కువేం కాదు. పురుగుని ఊరుకున్న ఒళ్ళు పైకి ఆరోగ్యంగా కనిపించింది, ఊరుకోని ఒళ్ళు వాచింది. ఇందులో బలవంతుడెవడు, బలహీనుడెవడు?

దీనికో కొసమెరుపు లాంటి చరిత్ర ఉంది. ఫైలేరియా మాత్ర డీఈసీ, హెట్రజాన్ పేరుతో 1947లో వెలుగులోకి వచ్చింది. తెచ్చింది అమెరికాలోని లెడర్లీ కంపెనీ పరిశోధక బృందం. దాని నాయకుడు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే ప్రయోగశాల నుంచి ఫోలిక్ ఆమ్లం తయారీ వచ్చింది. ఆ ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే మందులు, అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా అక్కడివే. ముందు పిల్లల రక్తక్యాన్సర్‌కి వాడారు. 1951లో అమినాప్టెరిన్‌ని కీళ్ళవాతం మీద ప్రయత్నించారు. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్‌ని అమెరికా ప్రభుత్వం 1988లో ఆమోదించింది. ఇవాళ ఆ జబ్బుకి మొదట ఆలోచించే మందు అదే. సుబ్బారావు గారు 1948లోనే పోయారు కాబట్టి ఇదేదీ చూడలేదు.

ఆయన గురించి తెలుగులో వచ్చే వ్యాసాలు నేను చాలా చదివాను. అన్నీ ఒకే అచ్చు. మందుల జాబితా, పక్కన నోబెల్ రాలేదన్న బాధ. ఆ మందుల మధ్య సంబంధం మీద ఒక్క వాక్యం దొరకదు. మెథోట్రెక్సేట్ అతిగా రెచ్చిపోయిన రక్షణ వ్యవస్థ పగ్గాలు బిగిస్తుంది. డీఈసీ సంగతి వేరు. పరీక్షనాళికలో పిల్లపురుగుల మీద పోస్తే అవి పెద్దగా చావవు. మనిషి ఒంట్లోనే చస్తాయి, ఎందుకంటే చంపే పనిలో చాలా భాగం ఒళ్ళే చేస్తుంది. ఊరుకున్న ఒంటిని ఆ మాత్ర కదిలిస్తుంది. ఒకే ప్రయోగశాలలో ఒకటి ఆపే మందు, ఒకటి కదిలించే మందు. మా వీధిలో ఆవిడ మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకుంటుంది. దాని దుష్ప్రభావాలు తగ్గడానికి ఫోలిక్ ఆమ్లం కూడా వేసుకుంటుంది. సుబ్బారావు గారి పని రెండు కొసలూ ఆవిడ మందుల డబ్బాలో పక్కపక్కనే ఉన్నాయి. నోబెల్ గొడవ కన్నా ఇది చెప్పుకోదగ్గ సంగతి కాదా?

మాన్యం

ఇమ్యూనిటీ అన్న మాటకి లాటిన్ మూలం వైద్యానిది కాదు, రెవెన్యూది. ఊరందరూ కట్టాల్సిన పన్ను నుంచో, చెయ్యాల్సిన వెట్టి నుంచో మినహాయింపు ఉన్నవాడు ‘ఇమ్యూనిస్’. దీనికి మనకి అచ్చమైన మాట ఉంది, మాన్యం. పన్ను లేని భూమి. భీమేశ్వరస్వామి గుడి గోడల మీద దీపాలకీ నైవేద్యాలకీ ఇచ్చిన దానాల శాసనాలు వందల్లో ఉన్నాయి. దానాల చుట్టూ, మినహాయింపుల చుట్టూ తిరిగిన ఊరు మాది.

ఆరోగ్యంగా ఉన్నవాడు తన ఆరోగ్యాన్ని సరిగ్గా మాన్యంలాగే చూస్తాడు. ఏటా మాత్రలు పంచడానికి ఆశా కార్యకర్త వచ్చినప్పుడు మా పక్కింట్లో జరిగే సంభాషణ ఇది.

“పిన్నిగారూ, అన్నం తిన్నారా? ఈ మాత్రలు నా ముందే మింగాలండి.”

“మాకేం లేదమ్మా, కాళ్ళు సుబ్బరంగా ఉన్నాయి. ఆ చివరింటి వాళ్ళకియ్యి.”

పిన్నిగారిది మొండితనం కాదు. ‘శక్తి’ అనే మాట నేర్పిన తర్కం అది. జబ్బు లేదు కాబట్టి శక్తి ఉంది, శక్తి ఉంది కాబట్టి మాత్ర అక్కర్లేదు. కానీ చివరింటావిడ వాచిన కాలు నుంచి దోమకి దొరికేది బహుశా ఏమీ లేదు. సుబ్బరంగా ఉన్న కాళ్ళవాళ్ళ రక్తంలోనే పురుగు పిల్లలు తిరుగుతుండొచ్చు. అందుకే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు రోగులకి మాత్రమే కాకుండా ఊరందరికీ ఇస్తారు, రెండేళ్ళలోపు పిల్లల్ని, గర్భిణుల్ని, బాగా జబ్బుగా ఉన్నవాళ్ళని మినహాయించి. 2027 నాటికి ఈ జబ్బుని దేశం నుంచి తరిమెయ్యాలన్న లక్ష్యం పిన్నిగారు మాత్ర మింగడం మీద ఆధారపడి ఉంది.

మింగిన వాళ్ళలో కొందరికి ఆ రాత్రి జ్వరం, తలతిరుగుడు. మర్నాడు ఊళ్ళో గుప్పుమంటుంది, మాత్ర వికటించిందని. చాలాసార్లు ఆ జ్వరం పురుగు పిల్లలు చావడం వల్ల, వాటి శకలాలని ఒళ్ళు ఎదుర్కోవడం వల్ల వచ్చింది. అంటే ఎవరికి మాత్ర ఎక్కువ అవసరమో వాళ్ళకే ఎక్కువ ఇబ్బంది. శక్తి భాషలో దీన్ని వివరించే దారి లేదు. బలమిచ్చే మందైతే నీరసం ఎందుకొచ్చింది అంటారు. బిస్ పుస్తకంలో నాకు బాగా పనికొచ్చింది ఇక్కడే. ఇమ్యూనిటీ ఎవరికి వారు దాచుకునే ఆస్తి కాదని, ఒకరి ఒళ్ళు ఇంకొకరి ఒంటికి కాపలా అని ఆమె టీకాల విషయంలో వాదిస్తుంది. మాత్ర విషయంలోనూ అదే నిజం. లాటిన్ మాట మినహాయింపు అంటోంది, జీవశాస్త్రం మాత్రం ఇందులో ఎవరికీ మాన్యం లేదంటోంది.

పడటం

మరి ఏ మాట వాడాలి? కొత్త సమాసం కట్టక్కర్లేదని నా వాదన. మన ఇళ్ళల్లో ఎప్పటినుంచో ఉన్న మాటే ఒకటుంది. “నాకు వంకాయ పడదండి.” “వాడికి దుమ్ము పడదు.” అలెర్జీకి ఇంతకన్నా మంచి తెలుగు లేదు. గమ్మత్తేంటంటే, “అత్తాకోడళ్ళకి పడదు” అన్నప్పుడూ ఇదే క్రియ. ఇది కొలత చెప్పదు, సంబంధం చెబుతుంది. వంకాయ విషం కాదు, తిన్నవాడు బలహీనుడూ కాదు. వాళ్ళిద్దరి మధ్యా ఏదో సరిపడలేదు, అంతే. పడటంలో రెండో పక్షం ఉంటుంది. శక్తిలో ఉండదు.

ఈ మాటకి కథ కావాలంటే మేం గ్రీకుల దాకా వెళ్ళక్కర్లేదు. దక్షుడు యజ్ఞం చేసిన చోటు కాబట్టి దక్షారామం, అదే ద్రాక్షారామం అయిందని మా ఊరి నమ్మకం. దక్షుడికీ అల్లుడికీ పడలేదు. లోకాన్నంతా పిలిచి ఇంటివాణ్ణి పరాయివాణ్ణి చేశాడు. కూతురు పోయింది. ఆ తర్వాత వచ్చిన వీరభద్రుడు దక్షుడి తలతో ఆగలేదు. భగుడి కళ్ళు, పూషుడి పళ్ళు, దొరికిన వాళ్ళని దొరికినట్టు. పురాణంలో ఇమ్యునాలజీ ఉందని చెప్పడం నా ఉద్దేశం కాదు. అలాంటి గొప్పలు మనకి చాలానే ఉన్నాయి. తనవాణ్ణి గుర్తుపట్టడంలో పొరపాటు, దానివల్ల ఇంట్లోనే పుట్టి ఇంటినే కాల్చిన కోపం, ఇవి కోట ముట్టడి కన్నా కీళ్ళవాతానికి దగ్గరగా ఉన్నాయంటున్నాను.

ఇదే ఊరి మీద ఇంకో కథ కూడా ఉంది. శ్రీనాథుడు 15వ శతాబ్దంలో బెండపూడి అన్నయ మంత్రికి అంకితమిచ్చిన భీమేశ్వర పురాణంలో వ్యాసుడు కాశీ నుంచి వెళ్ళగొట్టబడి దక్షారామానికి వస్తాడు. ఒక కథలో పిలవాల్సినవాణ్ణి పిలవని ఊరు, ఇంకో కథలో పొమ్మన్నవాణ్ణి చేరదీసిన ఊరు. ఒళ్ళు రోజంతా చేసే పని ఈ రెండిటి మధ్యే. తిన్న అన్నాన్ని, పేగుల్లో కోట్ల బాక్టీరియాని, గర్భంలో సగం పరాయిదైన బిడ్డని రానిస్తుంది.

నా మాటకీ లోపాలున్నాయి. మొదటిది, పడటమే మంచిదన్న ధ్వని. సహనం ఎప్పుడూ సుగుణం కాదు. ఫైలేరియా పురుగు బతికేది ఒంటి సహనం మీదే, క్యాన్సర్ కూడా చాలాసార్లు ఆ ఆపే కణాల చాటునే దాక్కుంటుంది. రెండోది, ‘పడదు’ మంచి సాకు. టీకా పడదు, మాత్ర పడదు అని పరీక్షించకుండానే తేల్చేస్తాం. అయినా ఈ మాట వైపే మొగ్గుతాను. ఎందుకంటే ‘పడదు’ అనగానే తర్వాతి ప్రశ్న దానంతటదే వస్తుంది: ఏది పడదు, ఎవరికి, ఎప్పటినుంచి? డాక్టరు అడిగేదీ అవే. ‘శక్తి తక్కువ’ అన్నాక అడగడానికి ఏమీ మిగలదు, ఏం కొనాలన్నది తప్ప.

సోంటాగ్‌కి కోపమొచ్చేది ఉపమానం జబ్బుపడ్డవాళ్ళ మీద నేరం మోపినప్పుడు. బోదకాలున్న వాళ్ళ మీద మనం మోపిన నేరం బలహీనత. ఆ నేరం రద్దు కావాలంటే ముందు మాట మారాలి. మాత్రలు పంచే మనిషి నోట్లో రెండు ముక్కలు మారితే చాలు: “మీకు బాగుంది కాబట్టే ఇస్తున్నామండి. ఒంట్లో పురుగున్నా మీ ఒళ్ళు దాన్ని ఊరుకుని ఉండొచ్చు. రాత్రికి కాస్త జ్వరం తగిలితే కంగారు పడకండి, నాకు ఫోన్ చెయ్యండి. మీ ఒళ్ళు దాన్ని ఇప్పుడు గుర్తుపట్టిందన్నమాట.” ఇందులో సైనికుల్లేరు, కోట లేదు, శక్తి లేదు. పిన్నిగారు వింటుందని హామీ ఇవ్వలేను గానీ, విన్నాక అడగడానికి ఆవిడకి ఒక ప్రశ్న మాత్రం మిగులుతుంది.